పార్ట్ లోడ్ రవాణా – రసీదు విలువ



మనలో కొందరి తల్లిదండ్రులు ఏదో ఒక సరుకు తయారుచేసి అమ్ముకునేవారే. మా నాన్న వెదురు బుట్టలు అల్లుతారు. అవి లారీ నిండేంత ఉండవు. లారీ మొత్తం మాట్లాడుకుంటే లాభమంతా కిరాయికే పోతుంది. పలువురి సరుకు ఒకే లారీలో పంపి, ఎవరి వాటా కిరాయి వారి దగ్గర తీసుకోవడాన్నే పార్ట్ లోడ్ అంటారు.

పని జరిగే తీరు: బుకింగ్ ఆఫీసులో సరుకు తూచి, కట్టలపై నంబరు, ఊరి పేరు రాసి రసీదు ఇస్తారు. ఒకే వైపు వెళ్ళే సరుకు గోడౌన్లో పోగయ్యాక లారీకి ఎత్తుతారు. దారిలో మరో లారీకి మార్చడమూ ఉంటుంది. అందుకే ఆలస్యం ఎక్కువ. దించి ఎక్కించిన ప్రతిసారీ దెబ్బతినే ప్రమాదమూ ఉంది. కిరాయి ముందే కడితే 'పెయిడ్', సరుకు అందుకునేవారు కడితే 'టు పే'.

కిరాయి లెక్క: సరుకు బరువు, అది పట్టే చోటు – రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి వేస్తారు. ఉదాహరణకు, 60 కిలోల బుట్టల కట్ట 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు ఉంటే 36 ఘనపుటడుగులు. అడుగుకు 8 కిలోల చొప్పున లెక్కిస్తే 288 కిలోల కిరాయి పడుతుంది! బుట్టలను ఒకదానిలో ఒకటి పేర్చి ఎత్తును 1 అడుగుకు తగ్గిస్తే 96 కిలోలే.

నష్టం జరిగితే: ఒకసారి మా కట్టలు తడిసి పాడయ్యాయి. నాన్నకు చదువు రాదు. రసీదు దూలం సందులో దోపి ఊరుకున్నారు. ఏడు నెలలకు సెలవుల్లో ఇంటికి వెళ్ళి మేము దాన్ని చదివాము. అప్పటికే గడువు దాటింది. 2007లో చేసి, 2011లో అమలులోకి తెచ్చిన రోడ్డు రవాణా చట్టం ప్రకారం, కోర్టుకు వెళ్ళాలంటే బుక్ చేసిన 180 రోజుల లోపు రవాణాదారుకు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. పైగా సాధారణ బుకింగులో పరిహారం కిరాయికి పది రెట్లు మించదు. 300 రూపాయల కిరాయికి 3,000 రూపాయలే గరిష్ఠం. సరుకు విలువ అంతకు మించితే ఆ విలువ రాయించి, అధిక రిస్కు చార్జీ కట్టాలి.

గుర్తుంచుకోవలసినవి:
1. కట్టల సంఖ్య, సరుకు విలువ రసీదులో రాయించాలి.
2. దెబ్బతిన్న సరుకు తీసుకునేటప్పుడు ఆ విషయం డెలివరీ కాగితంపై రాసి సంతకం చేయాలి.
3. రసీదు భద్రపరచి, 180 రోజుల గడువు గుర్తుంచుకోవాలి.

మా ఇంట్లో డిగ్రీ చదివినది మేమే మొదలు. ఇప్పుడు నాన్న రసీదు తెచ్చిన రోజే ఫోనులో ఎవరిచేతనైనా మాకు చదివి వినిపిస్తారు. తమ్ముళ్ళారా, ఈ సెలవుల్లో మీ ఇంటి దూలం సందులోని కాగితాలు కూడా ఒకసారి తీసి చదవండి.