గౌర్‌కిశోర్ ఘోష్ దగ్గర నేర్చుకున్నవి

గౌర్‌కిశోర్ ఘోష్ పేరు మన పత్రికలవాళ్ళలో చాలామంది విని ఉండరు. బెంగాలీలో పేరుమోసిన కథకుడు, నవలాకారుడు, ఆనంద బజార్ పత్రికలో దశాబ్దాలపాటు పనిచేసిన పాత్రికేయుడు. 1923లో జెస్సోర్ జిల్లాలో పుట్టి 2000 డిసెంబరులో కలకత్తాలో పోయారు. ఆయన గురించి నాకు మొదట చెప్పినవాళ్ళు తెనాలి రాడికల్ హ్యూమనిస్టు మిత్రులు. రాడికల్ హ్యూమనిజానికి మూలపురుషుడైన ఎం.ఎన్. రాయ్ భావాలు మన గోపీచంద్‌నీ అబ్బూరి రామకృష్ణారావునీ ఎలా పట్టుకున్నాయో అక్కడ ఈయన్నీ అలాగే పట్టుకున్నాయి. నా ఉద్యోగ జీవితమంతా ఆయన్ని ఎదురుగా పెట్టుకునే పనిచేశాను. ఇప్పుడు విలేకరులుగా చేరుతున్న పిల్లల కోసం, నాకు అబ్బినంతవరకు ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

1. పేపర్లోకి రాకముందే లోకంలో తిరగండి.

గౌర్‌కిశోర్ చదువు ఐఎస్సీతో (ఇంటర్మీడియట్ సైన్సు) ఆగింది. ఇంట్లో డబ్బు లేదు. ట్యూషన్లు చెప్పారు, కరెంటు పని చేశారు, ఫిట్టరుగా చేశారు, ఓడ ఎక్కారు, హోటల్లో సర్వరుగా పనిచేశారు. యూనియన్లు కట్టారు, బడిలో పాఠాలు చెప్పారు, ఊరూరా తిరిగే డాన్సు ట్రూపుకి మేనేజరుగా ఉన్నారు, ప్రూఫులు దిద్దారు. దేశం రెండు ముక్కలయ్యాక సరిహద్దు కస్టమ్స్‌లో గుమాస్తాగా ఉంటూ 'సత్యయుగ్' అనే కొత్త దినపత్రికలోకి వచ్చారు. ఆయన వాక్యంలో కనిపించే చురుకు ఈ పనులన్నిటిలోంచీ వచ్చిందని నా నమ్మకం.

అందుకే నా దగ్గరికి వచ్చిన ట్రైనీలని మొదట గుంటూరు మిర్చి యార్డుకి పంపేవాణ్ణి. వార్త తెమ్మని కాదు, తెల్లవారుజామునుంచి హమాలీల పక్కన నిలబడి రమ్మని. ఘాటుకి కళ్ళు మండుతాయి, తుమ్ములు ఆగవు. టిక్కీ (మిర్చి బస్తా) దించితే ఎంత, కాటా వేస్తే ఎంత, మచ్చుకని తీసిన కాయలు ఎవరి సంచిలోకి పోతాయి, రైతు ఎక్కడ నోరు మూసుకుంటాడు, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. ధరల పట్టిక ఫోనులో కూడా వస్తుంది. రైతు ముఖం రాదు.

2. దూరం నుంచి చూసి రాయకండి.

'రూపదర్శి' అనే కలం పేరుతో ఆయన కలకత్తా మనుషుల మీద స్కెచ్‌లు రాశారు. అవి నవ్విస్తాయి. కానీ ఆ నవ్వులో ఎదుటి మనిషిని చులకన చేయడం ఉండదు. 1960లో బెంగాలీ కుర్రాళ్ళ బృందం ఒకటి గఢ్వాల్ హిమాలయాల్లోని నందాఘుంటి ఎక్కడానికి బయల్దేరింది. ఆరువేల మూడువందల మీటర్లు దాటిన శిఖరం అది. వాళ్ళు దిగి వచ్చాక ఇంటర్వ్యూ చేసుకోవచ్చు కదా అనుకోలేదాయన, వాళ్ళతోపాటే వెళ్ళారు. 'నందకాంత నందాఘుంటి' అనే పుస్తకం అలా పుట్టింది.

3. మనవాళ్ళే తప్పు చేస్తే ముందు మనమే రాయాలి.

ఇది అన్నిటికన్నా కష్టమైన పాఠం. దిలీప్‌కుమార్ నటించిన 'సగీనా మహతో' సినిమా పాతతరం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. తపన్ సిన్హా 1970లో బెంగాలీలో తీశారు, 1974లో 'సగీనా' అని హిందీలోనూ వచ్చింది. ఆ కథ గౌర్‌కిశోర్‌దే. దొరల్ని ఎదిరించిన మొరటు కార్మికుడు సగీనా. వాడిని కొట్టి లొంగదీయలేకపోయారు. అందుకని పెద్ద నాయకుణ్ణి చేసి, కుర్చీ ఇచ్చి, కూలీలనుంచి విడదీశారు. ఆ పన్నాగంలో యాజమాన్యానికే కాదు, ఉద్యమం నడిపే పెద్దలకీ చేతులున్నాయి. యూనియన్లలో తిరిగిన మనిషి రాసిన కథ కాబట్టే అంత సూటిగా గుచ్చుతుంది. కార్మికుల పక్షాన ఉంటూనే కార్మిక నాయకుల గురించి ఈ మాట చెప్పడానికి గుండె కావాలి.

రాయ్ కూడా 1948లో తన సొంత రాడికల్ డెమొక్రటిక్ పార్టీనే రద్దు చేసేశారు. పార్టీ అన్నాక అధికారం కోసం మనిషిని నలిపేస్తుందని ఆయన నిర్ణయానికొచ్చారు. ఆ మాట గౌర్‌కిశోర్‌ మనసులో గట్టిగా నాటుకుంది. 1970 ప్రాంతంలో, నక్సలైట్ ఉద్యమం రోజుల్లో, కలకత్తాలో విగ్రహాల తలలు తెగిపడుతున్నప్పుడు, వీధుల్లో హత్యలు జరుగుతున్నప్పుడు, ఆ హింసను ఆయన పేరు పెట్టి ఖండించారు. చంపుతామని బెదిరింపులు వచ్చాయి. పత్రికలో తన కాలమ్ మాత్రం ఆపలేదు.

మన దగ్గర విలేకరికి కులం వాళ్ళున్నారు, పార్టీ వాళ్ళున్నారు, ఊరి వాళ్ళున్నారు. ఎదుటి పక్షం తప్పులు రాయడానికి మనకి ధైర్యం అక్కర్లేదు, మనవాళ్ళే శాలువా కప్పుతారు. మనవాళ్ళ తప్పు రాసిన రోజున వీధిలో పలకరింపు ఆగిపోతుంది, పెళ్ళికి పిలుపు రాదు. అయినా రాసినవాళ్ళని నేను ఎరుగుదును. వాళ్ళు పైకి రాలేదు. కానీ వాళ్ళు రాసిన వార్తని ఎవరూ అనుమానించేవారు కాదు.

4. రాయనివ్వకపోతే, రాయనివ్వడం లేదన్న సంగతైనా జనానికి తెలియాలి.

1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి వచ్చింది. మర్నాటినుంచి సెన్సారు. అప్పుడు నేను డెస్కులో కుర్రవాణ్ణి. కంపోజయిన మేటరు గ్యాలీ ప్రూఫు తీసి, ఆఫీసు బాయ్‌కిచ్చి సైకిలు మీద సెన్సారు అధికారి దగ్గరికి పంపేవాళ్ళం. తిరిగొచ్చేసరికి ఒక్కోదాని మీద అడ్డంగా గీత, కింద పొడి సంతకం. ఎందుకు కొట్టేశారో రాసి ఉండేది కాదు. కొట్టేసిన చోటు తెల్లగా వదిలితే పాఠకుడికి అర్థమయ్యేది. మొదట్లో కొన్ని పత్రికలు అలాగే వదిలాయి. తరవాత ఖాళీ వదలడం కూడా కుదరదన్నారు. ఫోర్‌మన్ సిద్ధంగా పెట్టుకున్న ఏ పూలమొక్కల పెంపకం వ్యాసమో ఆ ఖాళీలో దిగేది. పొద్దున్నే పేపరు చూసినవాడికి ఆ చోట ఏదో పోయిందని తెలిసే దారి లేదు. అది నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కలకత్తాలో గౌర్‌కిశోర్ గుండు చేయించుకున్నారు. తల్లో తండ్రో పోతే కొడుకు తల గొరిగించుకోవడం మనకీ వాళ్ళకీ ఉన్న ఆచారమే. తన రాసే స్వేచ్ఛ చచ్చిపోయిందనీ, దానికి మైల పాటిస్తున్నాననీ ఆయన భావం. పదమూడేళ్ళ కొడుక్కి ఉత్తరం రూపంలో దాన్ని వివరించారు. జ్యోతిర్మయ్ దత్త సంపాదకత్వంలో వచ్చే 'కలకత్తా' అనే పత్రిక ఆ ఉత్తరాన్ని అచ్చేసింది. చేతులు మారుతూ దొంగచాటుగా చాలా దూరం వెళ్ళింది.

ఆ ఉత్తరంలోని తెలివిని గమనించండి. ప్రధానమంత్రికి రాస్తే అది రాజకీయ ప్రకటన అవుతుంది. సంపాదకీయంగా రాస్తే గీత పడుతుంది. తండ్రి కొడుక్కి తన గుండు ఎందుకో చెప్పడం మాత్రం ఇంటి మాట. పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పాలి గనక అందులో డొంకతిరుగుడు కుదరదు. పైగా ఆ గుండు కూడా ఒక వార్తే. దాన్ని ఏ సెన్సారూ కొట్టేయలేదు. రోడ్డు మీద కనిపించిన ప్రతివాడూ ఏమైందండీ అని అడుగుతాడు, ఈయన చెబుతారు.

1975 అక్టోబరులో ఆయన్ని మీసా కింద అరెస్టు చేశారు. ఎందుకు పట్టుకున్నారో చెప్పనక్కర్లేని చట్టం అది. 1976 ఏప్రిల్లో సుప్రీంకోర్టు కూడా, అలా జైల్లో పెట్టినవాళ్ళు హెబియస్ కార్పస్ అడగడానికి లేదని చెప్పేసింది. ఐదుగురు న్యాయమూర్తుల్లో జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు. జైల్లోంచి గౌర్‌కిశోర్ ఇంకో రెండు ఉత్తరాలు బయటికి చేరవేశారు. ఆ జైలు గదిలోనే గుండెపోటు వచ్చింది. ఎమర్జెన్సీ పోయాక ఆ కాలపు రచనలు పుస్తకంగా వచ్చాయి. పేరు 'ఆమాకే బల్‌తే దావ్'. నన్ను చెప్పనివ్వండి అని.

5. పక్కింటివాడి గురించి రాయాలంటే ముందు వాడి ఇల్లు తెలియాలి.

'జల్ పడే పాతా నడే', 'ప్రేమ్ నేయి', 'ప్రతివేశి' అనే మూడు నవలల్లో ఆయన 1922 నుంచి 1946 వరకు బెంగాల్‌ని రాశారు. హిందువులూ ముస్లిములూ ఒకే నీళ్ళు తాగిన పల్లెలు ఎలా విడిపోయాయన్నది వాటి ఇతివృత్తం. 'ప్రేమ్ నేయి' అంటే ప్రేమ లేదు అని. అది పల్లె ముస్లిం కుటుంబాల నవల. హిందువుగా పుట్టిన రచయిత ఆ ఇళ్ళ వంటగదిలోకి, ఆ ఆడవాళ్ళ మాటల్లోకి వెళ్ళగలిగాడు. విభజన గురించి నాయకుల ఉపన్యాసాలు చదివితే తెలియనిది ఈ నవలల్లో తెలుస్తుంది: ఏళ్ళ తరబడి పక్కింట్లో ఉండి కూడా ఒకరి గురించి ఒకరు ఏమీ తెలుసుకోలేదని. విలేకరులకి నేనిచ్చే సలహా చిన్నది. పండగ నాడు ఫోటో కోసం మసీదు దగ్గరికి వెళ్ళడం సరిపోదు. మామూలు మంగళవారం నాడు కూడా ఆ వీధిలో మీకు తెలిసిన గుమ్మం ఒకటి ఉండాలి.

6. అనుభవించింది రాసి పెట్టండి.

1981లో ఆయన 'ఆజ్‌కాల్' దినపత్రికకి తొలి సంపాదకులయ్యారు. ఆ ఏడే రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. ఆయన గురించి ఇవాళ ఇంతయినా చెప్పుకోగలుగుతున్నామంటే, ఆయన అప్పటికప్పుడు రాసిపెట్టారు గనక. తెలుగు డెస్కుల్లో ఎమర్జెన్సీని చూసినవాళ్ళం డెబ్బై దాటాం, కొందరు పోయారు కూడా. ఏ వార్త మీద గీత పడింది, దాని చోట ఏం వేశాం, ఎవరు తలవంచారు, ఎవరు సెలవు పెట్టి ఇంటికి వెళ్ళారు, ఇదంతా ఇంకా మన తలల్లోనే ఉంది. నా తోటివాళ్ళందరికీ దండం పెట్టి అడుగుతున్నాను. కాగితం మీద పెట్టండి. చేయి వణికితే మనవడికో మనవరాలికో చెప్పి రాయించండి.