పులి ఒకటే, పేర్లు మూడు

ప్రతి శనివారం హాస్టల్ వరండాలో మేం ఐదుగురం సుద్దముక్కతో గీతలు గీసుకుని పాత ఆటలు ఆడి చూస్తున్నాం. ఈ నెల వంతు పులి-మేకది.

మా హోసూరు వైపు మూడు భాషలూ వినిపిస్తాయి. తమిళంలో ఇది ఆడు పులి ఆట్టం, కన్నడంలో ఆడు హులి ఆట. మన 'పాలు' అక్కడ 'హాలు' అయినట్టే 'పులి' 'హులి' అయింది. ఆ రెండు భాషల్లోనూ 'ఆడు' అంటే మేక, ఆడటం కూడా. తెలుగు 'ఆడు'లో ఆట ఉంది, మేక లేదు.

కూడళ్లు 23, పులులు 3, మేకలు 15. మేకలన్నీ దించేదాకా ఒక్కటీ కదలకూడదు. పులి మేకమీంచి దూకి చంపాలంటే అదే గీతమీద అవతలి కూడలి ఖాళీగా ఉండాలి. అందుకే మేక వెనక మేకను నిలపాలి. పులులు కదల్లేకపోతే మేకలదే గెలుపు. మొదటినుంచీ మేకలు కదలొచ్చని నియమం మార్చి చూశాం. పులికి మేత దొరక్క ఆట చప్పబడింది. పాత నియమమే మేలు.

మాలో నలుగురికి ఈ ఆట తమిళంలోనే తెలుసు. కదల్లేని పులిని మా అవ్వ మాత్రం 'కట్టుబడింది' అంటుంది. అవ్వలతోపాటే ఇలాంటి మాటలూ పోతాయి. మీ ఇంట్లో ఏమంటారో అడిగొచ్చి ఈ కాగితం కింద రాయండి.