కొండకీ బజారుకీ ఒకే బండి

సాలూరులో ఉంటూ ఏజెన్సీ దారుల్లో తిరిగేవాళ్లు వాహనం ఎంచుకోవడం ఎలా?

సాలూరులో లారీ కొనేవాళ్ల మాటలు వినండి. ఏ రూటుకి? ఎంత లోడు? తిరుగు కిరాయి దొరుకుతుందా? ఈ మూడూ తేలాకే ఛాసిస్ మాట, బాడీ మాట వస్తాయి. రాష్ట్రంలో విజయవాడ తర్వాత లారీలకు పేరుపడ్డ ఊరు మరి. రాయపూర్ వైపు పోయే 26వ నంబరు జాతీయ రహదారి, అంటే పాత 43, ఊరు దాటి కొద్ది దూరం పోయేసరికి కొండెక్కుతుంది. ఆ ఘాట్ మీద బండి ఎంపికలో జరిగిన పొరపాటు డీజిల్ బిల్లులోనో బ్రేకు లైనర్లలోనో బయటపడుతుంది.

అదే మనిషి సొంతానికి జీపు కొనేటప్పుడు మాత్రం ఈ లెక్కలేవీ గుర్తుకు రావు. బండి బురదలోంచి ఎగిరి దూకే ప్రకటన చూసి అడ్వాన్సు కట్టేస్తాడు. ఆర్నెల్లు తిరిగేసరికి ఇంట్లో పెద్దవాళ్లు ఆ బండి ఎక్కలేమంటారు, పిల్లలు వెనక సీట్లో వాంతులు చేసుకుంటారు. లారీకి వేసే లెక్కనే జీపుకీ వేస్తే ఈ బాధ ఉండదు. ఆ లెక్క వరసగా ఇదీ.

1. నెల రోజుల దారి కాగితం మీద పెట్టండి

ఒక కాగితం తీసుకుని రెండు గళ్లు గీయండి. ఎడమ గడిలో మీరు తరచుగా తిరిగే దారులు రాయండి: పిల్లల బడి, మెయిన్ రోడ్డు, బొబ్బిలి, పార్వతీపురం, అరవై కిలోమీటర్ల దరిదాపుల్లో ఉన్న విజయనగరం. కుడి గడిలో కష్టమైన దారులు రాయండి. కొండ మీది బడికి వెళ్లే టీచరుకి ఒక దారి, జీడిమామిడి తోట ఉన్న రైతుకి ఒకటి. ఆంధ్ర, ఒడిశా రెండూ తమవేనంటున్న కొఠియా గ్రామాల వైపు పనులున్న కాంట్రాక్టరుకి ఇంకొకటి. ప్రతి దారి పక్కనా నెలకి ఎన్నిసార్లు, ఎంతమందితో, ఎంత సామానుతో అన్నది వేయండి.

మిగతా అడుగులన్నీ ఈ కాగితం మీదే నడుస్తాయి. బండికి కనీసం ఏమేం ఉండాలో కష్టమైన కిలోమీటరు చెబుతుంది. దానికి మించి ఎంతవరకు పోవచ్చో రోజూ తిరిగే కిలోమీటరు చెబుతుంది. ఈ రెంటి నడుమ పట్టేదే మీ బండి.

2. కష్టమైన కిలోమీటరుని నడిచి కొలవండి

కుడి గడిలో అన్నిటికన్నా చెడ్డ దారి ఏదో చూసుకుని అక్కడికి బైకు మీద వెళ్లండి. అసలు చోటుకి చేరాక దిగి నడవండి. వీలైతే ఒకసారి ఎండాకాలంలో, ఒకసారి వానలు పడ్డాక చూడాలి. తూర్పు కనుమల ఖొండలైట్ రాయి చితికి ఎర్రమట్టి అవుతుంది. ఎండలో సిమెంటులా గట్టిగా ఉండే ఆ నేల రెండు జల్లులు పడేసరికి కాలు నిలవనివ్వదు.

చూడాల్సినవి నాలుగు. మొదటిది ట్రాక్టర్లు తొక్కిన గాడి లోతు: రెండు గాళ్ల మధ్య మిగిలిన మట్టి గట్టు జానెడు దాటిందా? రెండోది రాళ్లు: గుండ్రంగా ఉన్నాయా, అంచు తేలి ఉన్నాయా? మూడోది గెడ్డ: నీళ్లు మోకాలి కిందే ఉన్నాయా, పైకి వస్తున్నాయా? అడుగున ఇసకా, రాయా, బురదా? నాలుగోది మలుపు: ఒక్క తిప్పుకి తిరుగుతుందా, రివర్స్ వేసుకోవాలా? ఎదురుగా బొలెరో పికప్ వస్తే తప్పుకునే చోటుందా?

3. కొలతల్ని బండి భాషలోకి తెచ్చుకోండి

గట్టు ఎత్తు గ్రౌండ్ క్లియరెన్స్‌ని నిర్ణయిస్తుంది. జానెడంటే తొమ్మిదంగుళాలు, సుమారు 228 మిల్లీమీటర్లు. మూడు తలుపుల థార్ క్లియరెన్స్ 226, జిమ్నీది 210, 2024లో వచ్చిన గూర్ఖాది 233, బొలెరోది 180. ఇవి ఖాళీ బండి అంకెలు. ఐదుగురు ఎక్కి, వెనక బియ్యం బస్తా వేస్తే ఇంకా కిందికి దిగుతుంది.

క్లియరెన్స్ ఒక్కటే చాలదు. వాలు మొదట్లో ముందు బంపరు గుద్దుకోకూడదు, మిట్ట దాటేటప్పుడు పొట్ట ఆనకూడదు, దిగేటప్పుడు వెనక భాగం నేలని రాయకూడదు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ దూరం పెరిగేకొద్దీ పొట్ట ఆనే ప్రమాదం పెరుగుతుంది. మూడు తలుపుల థార్‌లో ఆ దూరం 2450 మిల్లీమీటర్లు, పొట్ట దాటించగల కోణం 27 డిగ్రీలు. ఐదు తలుపుల థార్ రాక్స్‌లో దూరం 2850కి పెరిగింది, కోణం 24 డిగ్రీల లోపుకి తగ్గింది. కుటుంబానికి కలిసొచ్చిన ఆ నలభై సెంటీమీటర్లు మిట్ట మీద భారమవుతాయి.

గెడ్డ దగ్గర బాగా జాగ్రత్త పడాలి. థార్ 650 మిల్లీమీటర్ల నీటిలో, గూర్ఖా 700లో నడుస్తాయని కంపెనీలు చెబుతాయి. అది దాదాపు నిలకడ నీటి లెక్క. పారే నీరు రెండడుగులుంటే చాలు, చాలా బండ్లని పక్కకి లాక్కుపోతుంది. మనిషి నడిచి దాటలేని గెడ్డని బండితోనూ దాటకూడదు. 2018లో తిత్లీ, 2021లో గులాబ్ తుఫాన్లు చూసిన ఉత్తరాంధ్రవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇక చక్రాలకు అందే శక్తి. ఇందులో మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టు వెనక చక్రాలకే శక్తి అందే బండి, బొలెరోలాంటిది. ఎత్తుపల్లాలున్నా గట్టి నేల అయితే ఇది చాలు. రెండో మెట్టు, వెనక ఇరుసుకి లాకు ఉన్న బండి. ఒక చక్రం గాలిలో లేచి ఉత్తినే తిరుగుతుంటే, లాకు పడి రెండో చక్రానికి బలం అందుతుంది. బొలెరో నియోలో పై రకానికి ఇది వస్తుంది. మూడో మెట్టు లో రేంజ్‌తో కూడిన ఫోర్ బై ఫోర్: థార్, జిమ్నీ, గూర్ఖా. గూర్ఖాలో ముందూ వెనకా రెండు ఇరుసులకీ డ్రైవరు చేత్తో వేసుకునే లాకులున్నాయి.

చాలామంది ఫోర్ బై ఫోర్ అనే మాట దగ్గరే ఆగిపోతారు. కొండ మీద ఎక్కువ పని చేసేది లో రేంజ్. థార్‌లో అది చక్రాల వేగాన్ని సుమారు రెండున్నర రెట్లు తగ్గించి, లాగే బలాన్ని అంతే పెంచుతుంది. ఎక్కేటప్పుడు క్లచ్ కాలదు, దిగేటప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలన్న లారీ డ్రైవర్ల మాట ఇక్కడా అంతే నిజం.

ఒక హెచ్చరిక. థార్, జిమ్నీ, గూర్ఖా మూడింటిలోనూ ఫోర్ బై ఫోర్ అవసరమైనప్పుడు మాత్రమే వేసుకోవాలి. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. మట్టి మీద అయితే ఆ తేడా జారుడులో సర్దుకుంటుంది. పొడి తారు మీద సర్దుకునే దారి లేక గేర్లూ షాఫ్టులూ బిగుసుకుంటాయి. సాలూరు దాటాక వచ్చే సుంకి ఘాట్‌కి తారు రోడ్డుంది, పొడిగా ఉన్నప్పుడు అక్కడ ఫోర్ బై ఫోర్ పని లేదు. బ్రేకు వేస్తే బండి ఆగే దూరాన్ని అదేమీ తగ్గించదు కూడా.

4. ఎడమ గడికి వంతు ఇవ్వండి

ఇంటిల్లిపాదినీ తీసుకుని చూడాల్సింది ఈ అడుగులోనే. మూడు తలుపుల బండిలో వెనక్కి వెళ్లాలంటే ముందు సీటు వంచి దూరాలి. చీర కట్టుకున్న అమ్మమ్మకి అది శిక్ష. జిమ్నీకి ఐదు తలుపులున్నాయి గానీ, వెనక సీట్లు ఎత్తి ఉంచితే డిక్కీ 208 లీటర్లే. విశాఖ ఆసుపత్రికి పక్కబట్టలూ సామానూ వేసుకుని పోవాలంటే ఇరుకు. రాక్స్‌లో చోటుంది, కాని పొడవు 4428 మిల్లీమీటర్లు. సంత రోజున బజారులో తిప్పి చూసుకోండి.

జాతీయ రహదారి మీద వేగంగా పోయేటప్పుడు ఎత్తైన బండ్లు గాలికి ఊగుతాయి, టైర్ల మోత వినపడుతుంది. నెలలో వెయ్యి కిలోమీటర్లు రహదారి మీదా, యాభై కిలోమీటర్లు కొండ మీదా తిరిగేవాళ్లు ఆ యాభై కోసం వెయ్యిని కష్టపెట్టుకోకూడదు.

5. పన్నూ సర్వీసూ కలిపి ధర చూడండి

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లెక్క మారింది. పొడవు నాలుగు మీటర్లు దాటకుండా, డీజిల్ ఇంజను 1500 సీసీ, పెట్రోలు అయితే 1200 సీసీ మించకుండా ఉంటే 18 శాతం. మిగతా పెట్రోలు, డీజిల్ కార్లకి 40 శాతం. బొలెరో, 1.5 లీటర్ల డీజిల్‌తో వెనక చక్రాలకే శక్తి ఇచ్చే థార్ 18లోకి వస్తాయి. జిమ్నీ పొడవు 3985 మిల్లీమీటర్లే అయినా పెట్రోలు ఇంజను 1462 సీసీ కాబట్టి 40లో పడుతుంది. ఫోర్ బై ఫోర్ థార్, గూర్ఖా కూడా 40లోనే. అంటే ఫోర్ బై ఫోర్‌కి ధర ఒక్కటే కాదు, పన్నూ పెరుగుతుంది. కుడి గడి నిజంగా అడిగితేనే అంత పెట్టండి.

సర్వీసు సంగతి అడగండి. కమాన్ కట్టలు, క్లచ్, ఇరుసు పనులకి సాలూరు మెకానిక్‌ల చేయి తిరిగినదే. బొలెరో సామాను సులువుగా దొరుకుతుంది. కొత్త బండ్ల ఎలక్ట్రానిక్ పనులు మాత్రం కంపెనీ సర్వీసు సెంటరులోనే చేయించాలి. అది ఎంత దూరమో కాగితం మీద రాసుకోండి.

6. ట్రయల్ మీ దారి మీదే అడగండి

షోరూము చుట్టూ తిప్పి చూపించే ట్రయల్‌తో ఏమీ తేలదు. వాలు మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, మళ్లీ కదిలించండి. వాలు మీదే రివర్స్ చేయండి. లో రేంజ్ మొదటి గేరులో, బ్రేకు తొక్కకుండా దింపండి. పెద్దవాళ్లని వెనక కూర్చోబెట్టి గతుకుల్లో అరగంట తిప్పండి. డ్రైవింగు సీటు కంటే వెనక సీటు తీర్పే ఎక్కువ నమ్మదగ్గది.

పాత బండి కొంటుంటే కిందికి దూరి చూడాలి. ఛాసిస్ మీద వెల్డింగు అతుకులు, ఇరుసు దగ్గర ఆయిలు చెమ్మ, అడుగున రాయి గీతలు కనిపిస్తే మెకానిక్‌కి చూపించండి. “ఫోర్ బై ఫోర్ లివరు ఆఖరుసారి ఎప్పుడు లాగేరండీ?” అని అమ్మేవారిని అడగండి. ఏళ్ల తరబడి వాడని లివరు పట్టేసి ఉంటుంది. మీ ఎదుటే వేసి, తీసి చూపించమనండి.

7. కొన్నాక టైర్లు, తాడు, గాలి పంపు చాలు

కొండకీ తారుకీ పొసగేవి ఆల్ టెర్రెయిన్ టైర్లు. పెద్ద గళ్ల మడ్ టైర్లు బురదలో బాగుంటాయి, తడి తారు మీద పట్టు తక్కువ. బురదలో, ఇసకలో గాలి కొంత తగ్గిస్తే టైరు నేలని ఎక్కువగా పట్టుకుంటుంది. అంచు తేలిన రాళ్ల మీద గాలి తగ్గించకండి, ఉబ్బిన పక్క భాగం కోసుకుపోతుంది. మళ్లీ తారెక్కే ముందు గాలి నింపుకోవాలి, అందుకే బండిలో పంపు ఉండాలి. లాగుడు తాడు, పార, మంచి స్టెప్నీ కూడా పెట్టుకోండి.

ముందు ఇనుప గార్డు, పెద్ద చక్రాలు, ఎత్తు పెంచడం లాంటివి వద్దు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట స్పష్టం చేసింది. ముందు గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా వెళ్లకండి. పోడు చేనులోంచి అడ్డదారి తీయకండి.

ఇక తీర్పు

కుడి గడిలో నెలకి ఒకటి రెండు రోజులే ఉంటే ఫోర్ బై ఫోర్ కొనకండి. ఆ రోజుకి కమాండర్ జీపు కిరాయికి మాట్లాడుకోండి, డ్రైవరుకి ఆ దారి కూడా తెలిసుంటుంది. వారానికి నాలుగైదు రోజులు ఒంటరిగా కొండెక్కాల్సిన టీచరుకి, ఏఎన్ఎంకి 220 మిల్లీమీటర్ల క్లియరెన్స్ ఉన్న ఎక్స్‌పల్స్ 200 లాంటి బైకు, ఇంటికి మామూలు కారు ఉంటే సరి. మనుషులతో, సరుకుతో ఏడాదంతా తిరగాలి గానీ దారి గట్టిదే అయితే బొలెరో, లేదా లాకున్న నియో. నియో కొంటే క్లియరెన్స్ 160 మిల్లీమీటర్లేనని గుర్తుంచుకుని గట్టు ఎత్తుతో సరిపోల్చండి. వానాకాలంలో కూడా ఆగకూడని పనైతే, దారిలో జారే వాలు ఉంటే, అప్పుడు లో రేంజ్ ఉన్న బండి కొనండి: ఒకరిద్దరికి జిమ్నీ లేదా మూడు తలుపుల థార్, కుటుంబానికి డీజిల్ ఫోర్ బై ఫోర్ రాక్స్, ఏడుగురికీ సామానుకీ ఐదు తలుపుల గూర్ఖా. అదైనా మనిషి నడిచి దాటలేని గెడ్డ దగ్గరికొచ్చాక ఆగాల్సిందే.