పదకొండు పేర్లు, నూరు పాయింట్లు

ఏమ్మా చెల్లీ, మ్యాచ్ చూడటం ఒక ఎత్తు. మనం ఏరుకున్న పదకొండు మంది పేర్లు పక్కన పెట్టుకుని చూడటం ఇంకో ఎత్తు. ఈ రెండోది ఒకసారి అలవాటైతే ఒక్క ఓవరు కూడా వదిలిపెట్టబుద్ధి కాదు.

2025 మహిళల ప్రపంచ కప్‌కు కర్నూలులో నేను, కడపలో మా చిన్నమ్మ కూతురు, ఆమె తోడికోడళ్ళు కలిసి ఈ ఆట పెట్టుకున్నాం. యాప్ లేదు. ఒక నోటుపుస్తకం, ఒక వాట్సాప్ గ్రూపు, అంతే. ఆ రోజు ఆడే రెండు జట్లలోంచి కలిపి పదకొండు మందిని ఎంచుకోవాలి. ఒక్కొక్కరికి ఒక ధర, మొత్తం నూరు దాటకూడదు. పరుగుకు ఒక పాయింటు, వికెట్టుకు పాతిక. కెప్టెన్‌గా రాసుకున్నవాళ్ళ పాయింట్లు రెట్టింపు. మ్యాచ్ మొదలయ్యేలోగా జాబితా గ్రూపులో పడాలి, ఆ తర్వాత ఒక్క పేరు కూడా మార్చకూడదు.

ధరల దగ్గరే మాకు పెద్ద గొడవ. మన జట్టు బౌలర్ శ్రీచరణికి ఏడు చాలన్నాను నేను. చిన్నమ్మ కూతురు, అంటే మా చెల్లెలు, ఒప్పుకోలేదు.

"కాదక్కా, పది పెట్టాల్సిందే."

"పది పెడితే కొనాల్సింది నువ్వే కదమ్మా."

"కొంటా! మా జిల్లా పిల్లకు ఏడు రాస్తే నాకెంత నామర్దా!"

అభిమానమంటే అదే చెల్లీ. వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె నుంచి ఒక అమ్మాయి పోయి, 2025 జూన్‌లో ఇంగ్లండ్ మీద తొలి టీ20లోనే 12 పరుగులకు 4 వికెట్లు తీసిందంటే కడపలో ఎవరైనా ఏడు రాయనిస్తారా? పదే రాశాం. ఆ పది కట్టడానికి మా చెల్లెలు ప్రతి మ్యాచ్‌కూ ఒక మంచి బ్యాటర్‌ను వదులుకుంది. సంతోషంగానే వదులుకుంది.

దాని ఫలితం విశాఖపట్నంలో కనిపించింది. అక్టోబరు 12న ఆస్ట్రేలియా మనమీద 331 పరుగుల లక్ష్యాన్ని ఛేదించేసింది. అలీసా హీలీ 142 కొట్టింది. దేశమంతా ఉసూరుమంది. అదే మ్యాచ్‌లో చరణి 41 పరుగులిచ్చి 3 వికెట్లు తీసింది. ఓడిపోయిన మ్యాచ్‌లో ఎవరు ఎలా బౌలింగ్ వేశారో మామూలుగా ఎవరికి గుర్తుంటుంది? మా గ్రూపులో అందరికీ ఉంది. ఆ డెబ్భై ఐదు పాయింట్లు కలుపుతూ మా చెల్లెలు ఒక్కో వికెట్టూ మళ్ళీ వర్ణించి చెప్పింది. గెలుపోటముల వెనక మరుగునపడే మనిషి కష్టాన్ని ఈ ఆట మన కళ్ళముందు నిలబెడుతుంది. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఇంకో చిత్రమైన బాధ కూడా ఉంది. ఫైనల్‌కు నేను దక్షిణాఫ్రికా కెప్టెన్ లారా వోల్వార్ట్‌ను రాసుకున్నాను. సెమీఫైనల్లో 169 కొట్టిన మనిషిని ఎలా వదిలేస్తాం? నవంబరు 2 రాత్రి ఆమె 101 దాకా వచ్చింది. ఆమె కొట్టే ప్రతి ఫోరుకూ నా లెక్క పెరుగుతోంది, గుండె మాత్రం జారుతోంది. మన ఫీల్డర్ అమన్‌జోత్ చేతిలో ఆమె కొట్టిన బంతి ఎగిరెగిరిపడి చివరకు నిలిచినప్పుడు నా పాయింట్లు ఆగిపోయాయని తోచనే లేదు, ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. కానీ ఆ సెంచరీ ఎంత గొప్పదో, ఎదుటి జట్టు మీద ఎంత గౌరవం పుట్టాలో, ఆమె పేరు నా పుస్తకంలో ఉండబట్టే నాకు తెలిసింది.

ఆ రాత్రి దీప్తి శర్మ 58 పరుగులు, 5 వికెట్లు. అంటే 183, కెప్టెన్‌గా రాసినవాళ్ళకు 366! షెఫాలీ వర్మను మాలో ఎవరూ రాయలేదు. ప్రతీకా రావల్ గాయపడితే సెమీస్‌కు ముందు వచ్చి, ఆ మ్యాచ్‌లో 10 పరుగులే చేసింది కదా అనుకున్నాం. ఫైనల్లో 87 పరుగులు, పైగా 2 వికెట్లు! చరణి అన్నెకే బాష్‌ను సున్నాకే పంపి తన పాతిక తను తెచ్చింది. టోర్నీ మొత్తం మీద ఆమెకు 14 వికెట్లు. పది ధర తప్పు కాదని లెక్కే చెప్పింది.

డబ్బు సంగతి అడుగుతావేమో. మా ఆటలో పైసా లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. పందేల్లో చిక్కుకుని చితికిపోయిన కుటుంబాలను మన సీమలో చూస్తూనే ఉన్నాం, అందుకే ఈ విషయంలో నేను గట్టిగా ఉంటాను. ఈ ఆటకు డబ్బు అవసరం కూడా లేదు. 1980లో న్యూయార్క్‌లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, ఆయన స్నేహితులు బేస్‌బాల్‌కు ఇలాంటి ఆట మొదలుపెట్టినప్పుడు పేపర్లో వచ్చే స్కోర్లు చూసి లెక్కలు వేసుకునేవాళ్ళు. మనకు ఆ తిప్పలు కూడా లేవు, స్కోరు క్షణాల్లో ఫోనులో ఉంటుంది. పాయింట్లు మాత్రం చేత్తోనే కలుపు చెల్లీ, కలిపేటప్పుడు ఆట మళ్ళీ ఒకసారి చూసినట్టుంటుంది.

నలుగురు దొరికితే చాలు, మొదలుపెట్టేయ్. ధరలు మీరే పెట్టుకోండి, వాదులాట లేకుండా మాత్రం పెట్టుకోవద్దు. మాకైతే 2026 మహిళల ప్రీమియర్ లీగ్ కోసం ముందే ఆ వాదులాట మొదలైంది. 2025 సీజన్‌కు 55 లక్షలకు తీసుకున్న చరణిని ఢిల్లీ జట్టు 2026 సీజన్ వేలంలో 1.3 కోట్లు పెట్టి మళ్ళీ తెచ్చుకుంది. అది చూపించి మా చెల్లెలు పన్నెండు రాయమంది. నేను పదకొండు దగ్గర ఆగాను.