వ్యాఖ్యాన గ్రంథములు: వాటి విలువ, వాటి హద్దు

పఠన భాగములు: నెహెమ్యా 8:1–8, మార్కు 10:17–27, అపొ. కార్యములు 8:26–35, 17:10–12

గాజాకు పోవు అరణ్యమార్గమున రథముపై కూర్చుండి యెషయా గ్రంథము చదువుకొనుచున్న ఐతియొపీయుని యొద్దకు ఫిలిప్పు పరుగెత్తి, చదువుచున్న సంగతి అతనికి బోధపడుచున్నదా అని అడిగెను. త్రోవ చూపువాడు లేక తనకెట్లు బోధపడునని ఆ అధికారి నిష్కపటముగా ఒప్పుకొనెను. అతడు రాణి ధనాగారమంతటిపై అధికారి, చదువు వచ్చినవాడు, లేఖనమునందు ఆసక్తి గలవాడు. అయినను అతనికి సహాయకుడు కావలసివచ్చెను. అంతకు పూర్వము ఎజ్రా దినములలో ధర్మశాస్త్రము చదువబడినప్పుడు, లేవీయులు జనుల మధ్య నిలిచి దాని అర్థమును వివరించిరి. కనుక లేఖనమునకు వివరణ చెప్పుట నేటి పండితులు కనిపెట్టిన పని కాదు. అది దేవుడు తన ప్రజలకు మొదటినుండి అనుగ్రహించిన ఉపకారము.

అయినను ఈ విషయములో మన సంఘములు రెండు వైపుల దారి తప్పుచున్నవి. కొందరు, "పరిశుద్ధాత్ముడే మాకు చాలును, మనుష్యుల పుస్తకములు మాకేల?" అందురు. క్రీస్తే సంఘమునకు బోధకులను కూడ అనుగ్రహించెనని (ఎఫెసీ 4:11) వారు మరచుచున్నారు. మరికొందరు ఒక గొప్ప వ్యాఖ్యాత పేరు చెప్పగానే ఇక విచారణ ముగిసినదని తలంచుదురు. మొదటివారు దీపమును ఆర్పి నడచుచున్నారు. రెండవవారు దీపమునే చూచుచు త్రోవను చూడక నడచుచున్నారు. నేను పడినది ఈ రెండవ గోతిలోనే. అది ఎట్లు జరిగెనో చెప్పెదను.

నేను నివసించుచున్న రాయపూర్ 2000వ సంవత్సరము నవంబరు 1వ తేదీనుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు రాజధాని. విజయనగరమునుండి ఇక్కడికి రైలుమార్గము 1931లో పూర్తియైనది. రైల్వే కొలువులకును వ్యాపారములకును వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఇక్కడ అనేకములు కలవు. ఒక దినము తెలుగు ఆరాధనలో, ధనవంతుని గూర్చియు సూదిబెజ్జమును గూర్చియు ప్రభువు చెప్పిన మాటను నేను వివరించితిని. యెరూషలేము ప్రాకారములో సూదిబెజ్జమను పేరుగల చిన్న ద్వారముండెననియు, ఒంటె తన బరువు దించుకొని మోకాళ్లూని దానిగుండ దూరగలిగెననియు, అట్లే ధనవంతుడు తన్ను తాను తగ్గించుకొనిన యెడల ప్రవేశింపగలడనియు చెప్పితిని. ఇది నా సొంత కల్పన కాదు. నేనే ఆంగ్లమునుండి తెనుగు చేసిన ఒక వ్యాఖ్యానములో ఉన్న మాటయే. అనువదించునప్పుడు దానిని పరీక్షింపవలెనని నాకు తోచలేదు.

ఆరాధన ముగిసిన పిమ్మట ఒక వర్తకుడు నా చేయి పట్టుకొని, "అయ్యగారూ, ఈ వాక్యము నన్ను చాలకాలమునుండి భయపెట్టుచుండెను. ఈ దినమున మీరు ఆ బరువు దించితిరి" అనెను. నేను సంతోషించితిని. ఆయన వెనుకనే ఒక వృద్ధ విధవరాలు నిలిచియుండెను. ఆమెయొద్ద పెద్ద అక్షరముల తెలుగు బైబిలు తప్ప వేరొక పుస్తకము లేదు. "అయ్యగారూ, తెలియక అడుగుచున్నాను. ఒంటె ఆ ద్వారములో దూరగలిగితే, శిష్యులు అంతగా ఆశ్చర్యపడనేల?" అని ఆమె అడిగెను.

నాయొద్ద జవాబు లేకపోయెను. ఇంటికి పోయి 26, 27 వచనములు మరల చదివితిని. ఎవడు రక్షణపొందగలడని శిష్యులు విభ్రాంతితో అడుగగా, మనుష్యులకు అసాధ్యమైనది దేవునికి సాధ్యమేయని ప్రభువు ఉత్తరమిచ్చెను. ఒంటె మోకాళ్లూని దూరగల ద్వారమే ఉండినయెడల అది కష్టసాధ్యమగునే గాని అసాధ్యము కాదు. అప్పుడు ప్రభువు ఉత్తరమునకు అర్థమే ఉండదు. ఇతర గ్రంథములను శోధింపగా, ప్రభువు కాలమున అట్టి ద్వారముండెననుటకు ఆధారమేదియు కనబడలేదు. ఆ కథ మధ్యయుగముల వ్యాఖ్యానములనుండి ఒకరినుండి ఒకరికి చేరుచు వచ్చినది. సూదిబెజ్జములో ఏనుగు దూరుట అను మాట బబులోను తాల్మూదులో కూడ, ఎన్నటికిని జరుగని దానికి సామ్యముగా కనబడుచున్నది. ప్రభువు పలికినదియు అట్టి పలుకుబడియే.

తరువాతి వారము ఆ వర్తకుని యింటికి వెళ్లి నా పొరపాటును ఒప్పుకొంటిని. ఆయన కొంతసేపు మౌనముగా ఉండి, "మొన్న తెరిచిన ద్వారమును నేడు మూసితిరా?" అనెను. "ఆ ద్వారము ఎన్నడును లేదు, ప్రవేశింపజేయగల దేవుడు మాత్రము ఉన్నాడు" అని చెప్పితిని. మరి కొన్ని వారములు ఆయన ఆరాధనకు రాలేదు. ప్రతి ఆదివారమును ఆ ఖాళీ స్థలమును చూచినప్పుడెల్లను, పరీక్షింపని ఒక వాక్యము ఒక ఆత్మకు ఎంత అబద్ధపు ఆదరణ ఇయ్యగలదో నేను తెలిసికొంటిని. తరువాత ఆయన వచ్చెను. ఏమియు చెప్పలేదు, నేనును అడుగలేదు.

ఆ దినమునుండి నేను పాటించుచున్న కొన్ని నియమములను పాఠకుల యెదుట ఉంచుచున్నాను.

1. మొదట లేఖనము, పిమ్మట వ్యాఖ్యానము. భాగమును కనీసము మూడు మారులు చదువుడి. ముందు వచనములను, వెనుక వచనములను కలిపి చదువుడి. మీకు తోచిన ప్రశ్నలను కాగితముమీద వ్రాసికొనుడి. అటుపిమ్మటనే వ్యాఖ్యానమును తెరువుడి. ప్రశ్న లేక వచ్చినవాడు దొరికిన జవాబునెల్ల మోసికొనిపోవును. ప్రశ్నతో వచ్చినవాడు తనకు కావలసినది ఏరుకొనును. ఆ వృద్ధురాలికి వ్యాఖ్యానము లేకున్నను తరువాతి వచనము తెలియును. నాకు వ్యాఖ్యానము తెలిసియు తరువాతి వచనము తోచలేదు.

2. వ్రాసినవాడెవడో తెలిసికొనుడి. మత్తయి హెన్రీ వ్యాఖ్యానము మూడు శతాబ్దములుగా భక్తులను పోషించుచున్నది. కాని ఆయన 1714లో మరణించునాటికి అపొస్తలుల కార్యముల వరకే పూర్తిచేసెను. రోమా మొదలు ప్రకటన వరకు ఇతర బోధకులు ముగించిరి. కనుక రోమా పత్రిక విషయమై హెన్రీ ఇట్లు చెప్పెనని ప్రకటించువారు జాగ్రత్తపడవలెను. గలతీ పత్రికకు ఘనమైన వ్యాఖ్యానము వ్రాసిన మార్టిన్ లూథరు, 1522లో తన క్రొత్త నిబంధన పీఠికలో యాకోబు పత్రికను చాల తక్కువగా ఎంచెను. ఒక పత్రికలో గొప్ప గురువైనవాడు మరియొక పత్రికలో మనకు త్రోవ చూపలేకపోవచ్చును.

3. మంచిని గైకొనుడి, మిగిలినదానిని విడువుడి. విలియం బార్‌క్లే (1907–1978) గ్రీకు పదముల అర్థమును, రోమా సామ్రాజ్య కాలపు జీవితమును సామాన్యులకు అర్థమగునట్లు వివరించుటలో సమర్థుడు. అయితే అయిదు వేలమందికి ఆహారము పెట్టిన సంగతిలో, జనులు తాము దాచుకొనిన ఆహారమును బయటికి తీసి పంచుకొనియుండవచ్చునను వివరణను కూడ ఆయన పాఠకుల ముందుంచెను. దీనిని ఎట్లు పరీక్షింతుము? యోహాను 6:13 చదువుడి. గంపలు నిండినది ఆ అయిదు యవల రొట్టెల ముక్కలతోనేయని సువార్తికుడు స్పష్టముగా వ్రాయుచున్నాడు. వాక్యమే తీర్పు తీర్చుచున్నది. అంతమాత్రమున బార్‌క్లే పుస్తకములను పారవేయనక్కరలేదు. చేపను తినువాడు ముల్లును తీసివేయునే గాని చేపను పారవేయడు.

4. అనువాదములను సరిపోల్చుడి. రాయపూర్‌లో తెలుగువారి యిండ్లలో తలిదండ్రులు తెలుగు బైబిలును, బిడ్డలు హిందీ బైబిలును చదువుట సామాన్యము. ఇది లోపమని అనేకులు విచారింతురు. నేను దీనిని ఒక వరమని యెంచుదును. యోహాను 3:16లో తెలుగు బైబిలు కుమారుని "అద్వితీయ" అను మాటతో వర్ణించును. హిందీ బైబిలు "ఇక్‌లౌతా" అనును. మొదటిది సాటిలేనివాడనియు, రెండవది ఒక్కగానొక్క బిడ్డయనియు స్ఫురింపజేయును. మూలములోని గ్రీకు పదము "మొనొగెనేస్". లూకా 7:12లో నాయీను విధవరాలి ఒక్క కుమారునికిని, 8:42లో యాయీరు కుమార్తెకును అదే పదము. హెబ్రీ 11:17లో ఇస్సాకునకును అదే పదము. అబ్రాహామునకు ఇష్మాయేలు కూడ ఉండెను గదా! కనుక ఆ పదములో ఏకత్వమును, సాటిలేని ప్రియత్వమును రెండును కలిసియున్నవి. జన్మించుట అను భావము కూడ దానిలో కలదా అను విషయమై పండితులు ఇప్పటికిని వాదించుచున్నారు. ఒకే వ్యాఖ్యానము చదివినవారికి ఆ వాదము ఉన్నట్లే తెలియదు. కనుక కనీసము రెండు వ్యాఖ్యానములు చూడుడి.

5. అన్వయమును అరువు తెచ్చుకొనవద్దు. వ్యాఖ్యాత తన కాలమునకు, తన దేశమునకు వ్రాసెను. 2006లో ఆఫ్రికా పండితులును, 2015లో దక్షిణ ఆసియా పండితులును తమ ప్రజల కొరకు ఏకసంపుటి బైబిలు వ్యాఖ్యానములను వెలువరించుట ఈ కారణముచేతనే. అయినను మన వీధిలో, మన యింటిలో, మన లెక్కల పుస్తకములో ఈ వాక్యము ఏమి కోరుచున్నదో ఏ వ్యాఖ్యానమును చెప్పలేదు. దానిని మోకాళ్లమీదనే తెలిసికొనవలెను.

ఒక మాట చెప్పి ముగించెదను. మన తెలుగు బైబిలే అనేకుల సహాయముతో వచ్చినది. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన జార్జి క్రాన్, ఆగస్టస్ డె గ్రాంజెస్ అను మిషనరీలు ఆనందరాయరు అను తెలుగు విశ్వాసి తోడ్పాటుతో అనువాదమునకు పూనుకొనిరి. మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో ముద్రింపబడునాటికి ఆ ఇద్దరు మిషనరీలును జీవించియుండలేదు. 1818లో ప్రిచెట్ అనువదించిన క్రొత్త నిబంధన వెలువడెను. తరువాతివారు దానిని మరల మరల సరిచూచిరి. పొరపాటు దిద్దుకొనుటకు వారు సిగ్గుపడలేదు, మనమేల సిగ్గుపడవలెను?

బెరయవారు పౌలు బోధను ఆసక్తితో వినిరి. అదే సమయమున, అది నిజమో కాదో అని ప్రతిదినము లేఖనములను పరిశోధించిరి. వినుటయు వారిదే, పరిశోధించుటయు వారిదే. అపొస్తలుని మాటనే పరీక్షించినవారిని లేఖనము మెచ్చుకొనగా, వ్యాఖ్యాతల మాటను పరీక్షించుట గర్వమెట్లగును? ఫిలిప్పు తన పని ముగియగానే కనబడకపోయెను. ఐతియొపీయుడు మాత్రము సంతోషించుచు తన త్రోవను సాగిపోయెను. మంచి వ్యాఖ్యానము చేయవలసిన పనియు ఇదియే.

ధ్యానమునకు ప్రశ్నలు

1. మీరు తరచుగా వినిన యే వివరణకు లేఖనములో ఆధారము ఎన్నడును వెదకలేదు?

2. మార్కు 10:27ను విడిచిపెట్టి 25వ వచనమును మాత్రము చదివినయెడల ఏమి నష్టము కలుగును?

3. మీ సంఘములో పుస్తకములు లేని విశ్వాసి అడుగు ప్రశ్నకు మీ బోధకులు, మీరు ఎట్టి చోటు ఇచ్చుచున్నారు?