స్ట్రాంగ్ బీరుకు సరిపడా ఈస్ట్ ఇంట్లోనే!

అమెరికాలో ఇంట్లో బీరు చేసుకునే మనవాళ్లకు ఈ మాట. మామూలు బీరు బ్రహ్మాండంగా కుదిరి, స్ట్రాంగ్ బీరు మాత్రం మధ్యలో పులవడం ఆగిపోయి తియ్యగా మిగిలిపోతోందా? చాలాసార్లు కారణం ఈస్ట్ చాలకపోవడమే. బిందెడు పాలకు చుక్క తోడు ఏ మూలకు?

1. గ్రావిటీ 1.090 ఉన్న 5 గాలన్ల బీరుకు సుమారు 30 వేల కోట్ల ఈస్ట్ కణాలు కావాలి. మామూలుగా ఒక లిక్విడ్ ఈస్ట్ ప్యాకెట్టులో 10 వేల కోట్లే ఉంటాయి కాబట్టి, మూడు కొనే బదులు ఒకటి కొని పెంచుకోండి.

2. కొనేటప్పుడు తేదీ చూసి, ఉన్నవాటిలో తాజాది తీసుకోండి. పాతబడేకొద్దీ బతికున్న ఈస్ట్ తగ్గిపోతుంది.

3. ఈస్ట్ పెంచడానికి 2 లీటర్ల నీళ్లకు 200 గ్రాముల మాల్ట్ పొడి చాలు. ఇంకా చిక్కగా చేస్తే పొడీ దండగ, ఈస్ట్‌కూ ఇబ్బందే.

4. పొడిని చన్నీళ్లలోనే కలిపి స్టవ్ మీద పెట్టండి, ఆవిరికి ఉండ కట్టదు. గిన్నె పెద్దది తీసుకుంటే పొంగిపోయి స్టవ్ తుడుచుకునే పని తప్పుతుంది.

5. అందులోనే చిటికెడు పాత బ్రెడ్ ఈస్ట్ వేసి 15 నిమిషాలు మరిగించండి. అది చచ్చి, తర్వాత వేసే ఈస్ట్‌కు ఆహారమవుతుంది. వేరే టానిక్ కొనక్కర్లేదు.

6. గిన్నెను సింకులో ఐసు నీళ్లలో పెట్టి, 20 డిగ్రీల సెల్సియస్‌కు చల్లారాకే సీసాలో పోసి ఈస్ట్ కలపండి. ఇక్కణ్నుంచి తగిలే సీసా, గరాటు, కత్తెర అన్నీ శానిటైజర్‌లో ముంచి తీయాల్సిందే.

7. సీసా మూతికి ఫాయిల్ వదులుగా కప్పి, అటుగా వెళ్లినప్పుడల్లా ఓసారి గిరగిరా తిప్పండి. గాలి తగిలితే ఈస్ట్ బాగా పెరుగుతుంది, మెషీన్ ఖర్చుండదు.

8. ఒకటిన్నర రోజయ్యాక ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికి అడుగున మీగడ రంగు మడ్డి పేరుకుంటుంది. పైతేట వంచేసి, అదే మడ్డికి మరో 2 లీటర్ల మాల్ట్ నీళ్లు పోసి ఇంకో విడత పెంచితే సరిపోతుంది.

9. తీరిక లేనివాళ్లు 11.5 గ్రాముల డ్రై ఈస్ట్ ప్యాకెట్లు రెండు వాడండి. పెంచే పనే ఉండదు.

10. అన్నిటికన్నా చవక దారి: ముందు ఒక తేలికపాటి బీరు చేసి, సీసాల్లో నింపిన రోజే దాని అడుగు మడ్డి పావు లీటరు తీసి స్ట్రాంగ్ బీరులో వేయండి. ఈస్ట్ ఖర్చు సున్నా!

11. ఈస్ట్ వేసేముందు చల్లారిన బీరు రసాన్ని బాగా గిలకొట్టి, మొదటి మూడు రోజులూ 18 డిగ్రీల దగ్గర ఉంచండి. ఘాటు వాసనలు రావు.

12. మళ్లీసారికి దాచుకోవాలంటే పెంచిన ఈస్ట్‌లోంచే కొంచెం తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. స్ట్రాంగ్ బీరు అడుగున మిగిలింది అలిసిపోయి ఉంటుంది, పారేయండి.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గాలన్ల దాకా చేసుకోవచ్చు, అమ్మకూడదు. ఆంధ్ర, తెలంగాణల్లో మాత్రం లైసెన్సు లేకుండా చేయడం నేరం, అక్కడ ప్రయత్నించకండి.