మేనరికమా, బయటి సంబంధమా? దంతెవాడ విద్యార్థి మెడికల్ జెనెటిక్స్ దరఖాస్తుకు ముందు వేయాల్సిన లెక్క

మెడికల్ జెనెటిక్స్‌లోనో, జెనెటిక్ కౌన్సెలింగ్‌లోనో ఎమ్మెస్సీకి దరఖాస్తు చేసేవారికి ఎక్కడో ఒకచోట ఒక ప్రశ్న ఎదురవుతుంది. కొన్ని సంస్థలు కాగితం మీద అడుగుతాయి, కొన్ని ఇంటర్వ్యూలో అడుగుతాయి: ఈ సబ్జెక్టే ఎందుకు? ‘చిన్నప్పటి నుంచీ డీఎన్‌ఏ అంటే ఇష్టం’ అనేది అందరికీ తోచే జవాబు. దంతెవాడలోనో, గీదంలోనో, బైలదిల్లా గనుల కింద ఉన్న బచేలీ, కిరందుల్ కాలనీల్లోనో పెరిగి బీఎస్సీ పూర్తిచేసిన విద్యార్థికి ఆ జవాబు అవసరం లేదు. సబ్జెక్టు వాళ్ల ఇంటి చుట్టుపక్కలే ఉంది. దాని పేరు సికిల్ సెల్.

ముందు విషయం క్లుప్తంగా. మన 11వ క్రోమోజోమ్ మీద బీటా గ్లోబిన్ జన్యువు ఉంటుంది. అందులో ఒకచోట జీఏజీ ఉండాల్సింది జీటీజీగా మారితే, ప్రోటీన్ గొలుసులో గ్లుటామిక్ ఆమ్లం స్థానంలోకి వాలిన్ వచ్చి కూర్చుంటుంది. ఇలా తయారైన హిమోగ్లోబిన్ ఆక్సిజన్ వదిలేసినప్పుడు ఒకదానికొకటి అతుక్కుని పోగులు కడుతుంది, ఎర్ర రక్తకణం కొడవలిలా వంగుతుంది. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా ఈ జన్యువే వస్తే వ్యాధి. ఒకవైపు నుంచే వస్తే ఆ మనిషి వాహకుడు మాత్రమే, రోగి కాదు. ఈ రెండో వాక్యాన్ని ఊళ్లలో ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

నేను చదివింది భౌతికశాస్త్రం కాబట్టి నాకు ఈ కథలో నచ్చేది విద్యుదావేశం. గ్లుటామిక్ ఆమ్లానికి రుణావేశం ఉంటుంది, వాలిన్‌కు ఉండదు. 1949లో లైనస్ పాలింగ్ బృందం రెండు రకాల హిమోగ్లోబిన్లూ విద్యుత్ క్షేత్రంలో వేర్వేరుగా కదులుతాయని చూపించి, దీన్ని ‘అణుస్థాయి వ్యాధి’ అన్నది. నేడు రక్తాన్ని నిర్ధారణకు పంపితే ల్యాబులో వాడే ఎలక్ట్రోఫోరెసిస్, హెచ్‌పీఎల్‌సీ పద్ధతులు కూడా ప్రధానంగా ఈ ఆవేశం తేడా మీదే నడుస్తాయి.

ఊళ్లో మొదట చేసేది మాత్రం ఇంకా సులువైన పరీక్ష. రక్తపు చుక్కను ఒక ద్రావణంలో కలుపుతారు. హిమోగ్లోబిన్ ఎస్ ఉంటే ద్రావణం మబ్బుపట్టినట్టు అవుతుంది, గొట్టం వెనక పెట్టిన కాగితం మీది గీతలు కనిపించవు. దీన్నే సాల్యుబిలిటీ టెస్ట్ అంటారు. అది వాహకులను, రోగులను వేరుచేసి చెప్పలేదు. నెలల పసికందులో ఎక్కువగా ఉండేది పిండదశ నాటి హిమోగ్లోబిన్ కాబట్టి, అక్కడ దాన్ని నమ్మలేం. జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైంది. 40 ఏళ్ల లోపు వారిలో 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం, 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయడం దాని లక్ష్యం. పరీక్ష అయ్యాక ఫలితంతో ఒక కార్డు ఇస్తారు. మెడికల్ జెనెటిక్స్ అసలు పని ఆ కార్డు చేతికొచ్చిన తర్వాతే మొదలవుతుంది, ఎందుకంటే వెంటనే వచ్చే ప్రశ్న పెళ్లి గురించి.

గోండుల్లో మేనరికానికి ‘దూధ్ లౌటావా’ అని పేరు, అంటే పాలు తిరిగి ఇవ్వడం. ఒక ఇంటి నుంచి పిల్లను తెచ్చుకుంటే తర్వాతి తరంలో ఆ బాకీ తీరుతుందని భావన. తెలుగువాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. ‘మేనరికాలు మానేస్తే సికిల్ సెల్ పోతుంది కదా?’ అనే మాట రెండు వైపులా వినిపిస్తుంది. ఇంటర్వ్యూలో మిమ్మల్ని ఇదే అడిగారనుకోండి. అవుననో కాదనో చెప్పే ముందు లెక్క వేయండి.

లెక్క కోసం ఆ సమాజంలో నూటికి 10 మంది వాహకులనుకుందాం. అబ్బాయి వాహకుడని పరీక్షలో తేలింది. అమ్మాయికి పరీక్ష కాలేదు. ఆమె బయటి సంబంధమైతే వాహకురాలయ్యే అవకాశం నూటికి 10. ఇద్దరూ వాహకులైతే ఒక్కో బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అంటే మొత్తమ్మీద 40లో 1.

ఇప్పుడు ఆమె మేనమామ కూతురు అనుకుందాం. అబ్బాయికి ఆ జన్యువు తల్లి వైపు నుంచి వచ్చి ఉండే అవకాశం సగం. తల్లి నుంచే వచ్చి ఉంటే, అదే జన్యువు మేనమామకూ ఉండే అవకాశం సగం. ఆయన నుంచి కూతురికి దిగే అవకాశం మళ్లీ సగం. మూడు సగాలు గుణిస్తే ఎనిమిదో వంతు, నూటికి పన్నెండున్నర. ఆ దారిన రాకపోయినా, సమాజంలో అందరికీ ఉన్నట్టే వేరే దారిన వచ్చే పదో వంతు అవకాశం ఆమెకూ ఉంటుంది. కలిపితే నూటికి సుమారు 21. బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 19లో 1 దగ్గర ఆగుతుంది.

ఇదే లెక్కను నూటికి ఒక్కరే వాహకులుగా ఉండే అరుదైన వ్యాధికి వేసి చూడండి. బయటి సంబంధానికి 400లో 1, మేనరికానికి సుమారు 30లో 1. పదమూడు రెట్ల తేడా! మేనరికం వద్దని డాక్టర్లు చెప్పేది ఇలాంటి వ్యాధులను దృష్టిలో పెట్టుకునే, ఆ మాట తప్పు కాదు. కానీ జన్యువు విస్తారంగా ఉన్నచోట తేడా రెండు రెట్లే. బయటి సంబంధం చేసుకున్నా 40లో 1 మిగిలే ఉంది. అదే అమ్మాయికి ఒక్క రక్తపరీక్ష చేసి ఆమె వాహకురాలు కాదని తేలితే, మేనమామ కూతురైనా సరే, ఈ వ్యాధి వరకు ప్రమాదం సున్నా. సికిల్ సెల్ దగ్గర బంధుత్వం కంటే పరీక్ష ఎక్కువ చెబుతుందని ఈ లెక్క చూపిస్తుంది. (అబ్బాయి తల్లి వాహకురాలని ముందే తెలిస్తే 21 అనే అంకె మారుతుంది. ఎంతకు మారుతుందో మీరే వేసి చూసుకోండి. మూడో వంతుకు దగ్గరగా వస్తే సరిగ్గా వేసినట్టే.)

జన్యువు ఇంత విస్తారంగా ఎందుకుంది అన్నది కూడా అడగవచ్చు. వాహకులకు ప్రాణాంతక ఫాల్సిపారమ్ మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపించారు. 2020లో మలేరియా ముక్త్ బస్తర్ పేరుతో ప్రత్యేకంగా ఒక కార్యక్రమం నడపాల్సి వచ్చిన ప్రాంతంలో ఈ ముక్క అర్థం కావడానికి పాఠ్యపుస్తకం అక్కర్లేదు.

ఇక దరఖాస్తు సంగతి. చాలామంది కోర్సు పేర్ల దగ్గరే తడబడతారు. డీఎం మెడికల్ జెనెటిక్స్ అనేది ఎండీ పూర్తిచేసిన డాక్టర్లకు. లక్నో ఎస్‌జీపీజీఐ, హైదరాబాద్ నిమ్స్ వంటి చోట్ల ఉంది. బీఎస్సీ చదివినవారికి దారులు వేరు: ఉస్మానియాలో ఎమ్మెస్సీ జెనెటిక్స్, విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీలో హ్యూమన్ జెనెటిక్స్, మణిపాల్‌లో జెనెటిక్ కౌన్సెలింగ్. తెలంగాణ వర్సిటీలకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్ వర్సిటీలకు పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చాలా కోర్సులకు సీయూఈటీ పీజీ, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయంతో నడిచే కోర్సులకు గ్యాట్-బి. ఎమ్మెస్సీ చదివితే ల్యాబులోనో, కౌన్సెలింగ్‌లోనో పనిచేయవచ్చు, వైద్యం చేయడానికి మాత్రం అది అర్హత కాదు. డిగ్రీలో ఏ సబ్జెక్టులు ఉండాలన్నది కోర్సు కోర్సుకూ మారుతుంది, ఆ ఏటి నోటిఫికేషన్ చూడకుండా ఫీజు కట్టకండి.

ఇక్కడ ఎక్కువమందికి తెలియని ఒక ముడి ఉంది. తెనాలి ప్రాంతంలో పుట్టి, తండ్రికి ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగం కావడంతో బొంబాయికి వెళ్లి చదువుకున్న విద్యార్థి మర్రి చంద్రశేఖరరావు. ఆయన సామాజిక వర్గం ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ. మహారాష్ట్ర మెడికల్ కాలేజీల్లో ఆ రిజర్వేషన్ దక్కలేదు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే ఖాయం చేసింది: ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినంత మాత్రాన, వలస వెళ్లిన రాష్ట్రంలో ఎస్టీ హోదా రాదు. ఎన్ఎండీసీ ఉద్యోగంతో కిరందుల్ వచ్చి స్థిరపడిన తెలుగు గిరిజన కుటుంబాల పిల్లలకు ఇది నేరుగా తగిలే తీర్పు. అటువైపు నుంచి చూసినా అంతే. కోయలు తెలంగాణ జాబితాలోనూ ఉన్నారు, ఛత్తీస్‌గఢ్ జాబితాలో గోండుల కింద కూడా ఉన్నారు. అయినా ఛత్తీస్‌గఢ్ ధ్రువపత్రంతో ఉస్మానియాలో ఎస్టీ సీటు అడగలేరు.

కేంద్రీయ సంస్థల్లో ఈ అడ్డు లేదు. బిలాస్‌పుర్‌లోని గురు ఘాసీదాస్ అయినా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయినా స్వరాష్ట్రంలో ఇచ్చిన ధ్రువపత్రం చెల్లుతుంది. వలస కుటుంబాల పిల్లలు తండ్రి స్వరాష్ట్ర పత్రం ఆధారంగా తీసుకోవాలి. అందుకే రాష్ట్ర ప్రవేశ పరీక్షలు రాస్తున్నా, వాటితో పాటు సీయూఈటీ పీజీ తప్పక రాయమని నా సలహా. విదేశాల్లో చదవాలనుకునే ఎస్టీ విద్యార్థులకు గిరిజన వ్యవహారాల శాఖ ఏటా 20 ఉపకార వేతనాలు ఇస్తుంది. దేశమంతటికీ 20 అంటే తక్కువే, కానీ గ్లాస్గో వంటి చోట్ల మెడికల్ జెనెటిక్స్‌లో నేరుగా ఎమ్మెస్సీ ఉంది కాబట్టి ప్రయత్నించవచ్చు.

దరఖాస్తులో తెలిసిన భాషల గడి ఉంటే, అందులో గోండీ, హల్బీ, దోర్లీ రాయడం మరచిపోకండి. ‘ఊళ్లో మాట్లాడేదే కదా’ అని హిందీ, ఇంగ్లిష్‌తో సరిపెట్టేయవద్దు. కార్డులో వాహకురాలని ఉన్న అమ్మాయికి సంబంధాలు తప్పిపోతే, తప్పు కార్డుది కాదు. ఆ కార్డు అర్థమేమిటో ఆ ఇంటి భాషలో చెప్పేవారు లేకపోవడం వల్ల అలా జరుగుతుంది.

ఇంటర్వ్యూకు వెళ్లే ముందు ఇంట్లో ఒకసారి ఇది చేసి చూడండి. బస్తర్‌లో చింతగింజలకు కరువు లేదు. నాలుగు తీసుకుని రెండింటికి తొక్క ఒలవండి. ఒక గుప్పిట్లో ఒక నల్లగింజ, ఒక తెల్లగింజ, రెండో గుప్పిట్లోనూ అంతే. ఇద్దరు వాహకులైన తల్లిదండ్రులన్నమాట. అమ్మమ్మనో, చెల్లెలినో పిలిచి కళ్లు మూసుకుని ఒక్కో గుప్పిట్లోంచి ఒక్కో గింజ తీయమనండి. రెండూ తెల్లవైతే వ్యాధి ఉన్న బిడ్డ, ఒకటే తెల్లదైతే వాహకం, రెండూ నల్లవైతే ఏమీ లేదు. చూశాక గింజలు తిరిగి ఎక్కడివక్కడ వేసేయాలి. వేయకుండా మళ్లీ తీయిస్తే లెక్క తప్పుతుంది. ‘మొదటి బిడ్డకు వచ్చేసింది, ఇక ముగ్గురి దాకా భయం లేదు’ అని తల్లులు పొరబడేది కూడా ఆ గింజలు తిరిగి వేయడం మరచినప్పుడే. ఇరవైసార్లు తీయించండి. తెల్లవి వరసగా రెండుసార్లు పడడం కూడా కనిపించవచ్చు.